వైనతేయం ఒడ్డున మఖ్లూబా

అప్పనపల్లి పేరు వినగానే కోనసీమవాసులకు గుర్తుకొచ్చేది వైనతేయ గోదావరి ఒడ్డున వెలసిన బాలబాలాజీ ఆలయం, అక్కడికి వచ్చే యాత్రికులకు జరిగే అన్నదానం. మేము ఆ దారిన వెళ్ళింది మాత్రం వేరొక భోజనం కోసం. గత షాబాన్ మాసం చివరి వారంలో, ఆ పల్లెకు సమీపంలోని ఒక ముస్లిం కుటుంబం పెరట్లో, కొబ్బరిచెట్ల నీడన తొమ్మిదిమంది స్త్రీలు ఒక డేగిసా చుట్టూ కూర్చుని ఉన్నారు. అడుగున వేయించిన వంకాయ చక్రాలు, వాటిమీద కాలీఫ్లవర్ రెబ్బలు, ఆపైన ఉడికించిన కోడిమాంసం, అన్నిటిమీదా నానబెట్టిన బియ్యం వరుసలుగా పేర్చి, మాంసం ఉడికిన నీరు పోసి, సన్నని మంటమీద పెట్టారు. దాల్చినచెక్క, మిరియాలు, ఏలకులు, పసుపు తప్ప మన వంటకాల్లోని కారం జాడ లేదు. అది పాలస్తీనీయుల మఖ్లూబా. రమజాన్ ఇఫ్తార్‌లో ఒకనాడు ఇరుగుపొరుగువారికి వడ్డించాలని వారు ముందుగా నేర్చుకుంటున్నారు.

నేర్పుతున్న స్త్రీ ముస్లిం కాదు. ఆ వీధికి అవతలి పేటలో ఉండే క్రైస్తవ సోదరి. యాభయ్యేళ్ళు దాటాయి. అందులో పద్నాలుగేళ్ళు కువైట్‌లోని ఇళ్ళలో గడిచాయి. మాంసం మాత్రం ఆతిథ్యమిచ్చిన ఇంటివారు హలాల్ దుకాణం నుంచి తెప్పించారు. ఆ సంగతి ఆమే ముందుగా గుర్తుచేసింది. "కోడిని మీరే తెచ్చుకోండి అక్కగారూ, ఆ ఇంట్లో కూడా అంతేనండి, బిస్మిల్లా అనకుండా కత్తి ముట్టుకునేవారు కాదండి" అన్నదట.

వంట దించి పావుగంట ఆగనిచ్చారు. ఆ తరువాత డేగిసా మీద పెద్ద తాంబాళం బోర్లించి, ఇద్దరు స్త్రీలు రెండు పక్కలా గుడ్డలతో పట్టుకుని ఒక్కసారిగా తిరగేశారు. డేగిసాను మెల్లగా పైకి లేపేసరికి అన్నం గోపురంలా నిలబడవలసింది. ఒక పక్క నిలబడింది, రెండో పక్క జారిపోయింది. ఇంటి యజమానురాలి ముఖం చిన్నబోయింది. "ఏం ఫర్వాలేదండి, మా మేడమ్ గారికి కూడా ఒక్కోసారి ఇలాగే కూలిపోయేదండి. కూలిన పక్కే పిల్లలు ముందు తినేసేవారండి" అని ఆ సోదరి నవ్వింది.

మఖ్లూబా అంటే తిరగేసినది అని అర్థం. ఉర్దూ ఎరిగిన మన పాఠకులకు అది ఏ ధాతువు నుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు. ఖాఫ్, లామ్, బా. హృదయానికి మనం వాడే 'ఖల్బ్' అన్న మాటకూ అదే మూలం. స్థిరంగా ఉండక అటూ ఇటూ తిరిగేది కనుకనే హృదయానికి ఆ పేరు వచ్చిందని పండితులు చెబుతారు. అల్ ఖుద్స్‌లో ఈ వంటకానికి గడచిన దశాబ్దంలో మరో అర్థం కూడా చేరింది. మస్జిదె అఖ్సా ప్రాంగణంలోకి ప్రవేశాన్ని అడ్డుకుంటున్నప్పుడు, అక్కడి స్త్రీలు ఇళ్ళనుంచి డేగిసాలు మోసుకొచ్చి, ఇఫ్తార్ వేళ ఆ ఆవరణలోనే మఖ్లూబాను తిరగేసి పంచిపెట్టడం ఒక నిరసన రూపమైంది. వంటపాత్ర పట్టుకొచ్చిన స్త్రీని చూసి సాయుధ బలగాలు సందేహించవలసిన స్థితి అది.

అయితే వైనతేయం ఒడ్డుకు ఈ వంట వచ్చిన దారి ఏది? ఈ సంపాదకీయం రాయడానికి మమ్మల్ని పురికొల్పింది ఆ ప్రశ్నే.

గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ గల్ఫ్‌కు వెళ్ళే స్త్రీల సంఖ్య ఎంత ఎక్కువో మన పాఠకులకు తెలుసు. రాజోలు, మామిడికుదురు, అమలాపురం ప్రాంతాల్లో 'కువైట్ డబ్బుతో కట్టిన ఇల్లు' లేని పేట అరుదు. అదే కువైట్ ఒకప్పుడు పాలస్తీనీయులకు రెండో ఇల్లు. 1948లో తమ ఊళ్ళ నుంచి తరిమివేయబడిన కుటుంబాలు ఉపాధ్యాయులుగా, ఇంజనీర్లుగా, గుమాస్తాలుగా అక్కడ స్థిరపడ్డాయి. యాసర్ అరాఫత్ ఇంజనీరుగా పనిచేసినదీ, ఫతహ్ సంస్థ పురుడు పోసుకున్నదీ ఆ నేలమీదే. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించేనాటికి అక్కడ దాదాపు 4 లక్షలమంది పాలస్తీనీయులు ఉండేవారు. యుద్ధం ముగిశాక వారిలో అత్యధికులు వెళ్ళిపోవలసి వచ్చింది. కొన్ని పదుల వేలమందే మిగిలారు. నాయకత్వం తీసుకున్న రాజకీయ వైఖరికి మూల్యం చెల్లించింది బడిపంతుళ్ళూ, వారి పిల్లలూ.

అదే సమయంలో మనవారూ రోడ్డున పడ్డారు. కువైట్, ఇరాక్‌ల నుంచి దాదాపు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ విమానాశ్రయం మీదుగా రెండు నెలలపాటు విమానాల్లో స్వదేశానికి చేర్చిన ఉదంతం చరిత్రకెక్కింది. పాలస్తీనీయునికీ కోనసీమ కూలికీ ఆ ఎడారి దారిలో పోలిక ఒక్కటే, ఇద్దరి చేతిలోనూ మూట ఉంది. తేడా ఏమిటంటే, మనవారికి తిరిగి వెళ్ళడానికొక ఊరుంది.

మనం చెప్పుకుంటున్న సోదరి కువైట్ వెళ్ళింది ఆ తరువాతి కాలంలో. మామిడికుదురు చుట్టుపక్కల ఊళ్ళకు చెందిన ఆరుగురు స్త్రీలు ఒకే ఏజెంటు చేతిమీదుగా, ఒకే విమానంలో, ఖద్దామా వీసాపై బయలుదేరారు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగారు. విమానాశ్రయంలోనే ఆరు దారులయ్యారు. మొదటి ఇంట్లో ఆమె పాస్‌పోర్టును బీరువాలో పెట్టి తాళం వేశారు. మూడేళ్ళు ఇంటిముఖం చూడలేదు. రెండో ఇల్లు జోర్డాన్ పాస్‌పోర్టు గల ఒక పాలస్తీనీయ ఉపాధ్యాయ కుటుంబానిది. అక్కడి ముసలి తల్లి నబ్లూస్ సమీపంలోని పల్లెలో పుట్టినది. భాష తెలియని ఈ తెలుగు స్త్రీని ఆమె వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుని, చేతితోనే కొలత చూపించి నేర్పిందట. సుమాఖ్ పొడిలో, ఆలివ్ నూనెలో మగ్గబెట్టిన ఉల్లిపాయలను రొట్టెమీద పరచి, కాల్చిన కోడిని పెట్టే ముసఖ్ఖన్. ఎండుజున్నుతో, సన్నని సేమియాలాంటి పిండితో చేసే నబ్లూస్ కునాఫా. మొలకెత్తే వాన కాలంలో ఏరుకొచ్చే ఆకుకూరల పేర్లు. శుక్రవారాల్లో ఆ ఆరుగురిలో ముగ్గురు చర్చి దగ్గర కలుసుకున్నప్పుడు, ఎవరి ఇంట్లో నేర్చిన వంట వారు డబ్బాలో పెట్టి తెచ్చుకునేవారు. లెబనాన్ ఇల్లు, కువైటీ ఇల్లు, పాలస్తీనా ఇల్లు, మూడూ ఒక మెట్టుమీద కూర్చుని తినేవారు. ఆ బృందానికి అదే పాఠశాల.

ఈ కథను ఇక్కడే ఆపి, ఎంత చక్కని సౌభ్రాతృత్వమో అని మురిసిపోవడం తేలిక. అలా చేస్తే ఆ సోదరికి అన్యాయం చేసినవారమవుతాము. ప్రేమగా వంట నేర్పిన ఆ ఇంట్లో కూడా ఆమెకు వారానికొక సెలవు హక్కుగా దొరకలేదు, దయగా దొరికింది. హక్కుకూ దయకూ తేడా మన పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు. కువైట్ ప్రభుత్వం 2015లో గృహ కార్మికుల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికొక రోజు విశ్రాంతి, ఏడాదికి 30 రోజుల వేతనంతో కూడిన సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టును యజమాని తనవద్ద ఉంచుకోవడం నిషిద్ధం. మరుసటి ఏడాది కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయించారు. కాగితం మీద ఇది గల్ఫ్ దేశాల్లోని మెరుగైన చట్టాల్లో ఒకటి. నాలుగు గోడల మధ్య దాన్ని అమలు జరిపేదెవరన్నదే ప్రశ్న.

మన వైపునా నిబంధనలకు కొదవలేదు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన దేశాలకు ముప్ఫయ్యేళ్ళలోపు స్త్రీలను ఇంటిపనికి పంపరాదు. 2016 నుంచి అటువంటి పాస్‌పోర్టు గల గృహ కార్మికురాళ్ళు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రంలో ఆ పని ఓంక్యాప్ చూస్తుంది. 275 రూపాయల ప్రీమియంతో రెండేళ్ళకు 10 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ఈ దారి పొడవుగా ఉన్నదని, ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి దుబాయి మీదుగా తరలించే అడ్డదారి నేటికీ నడుస్తోంది. ఆ దారిన వెళ్ళిన స్త్రీ పేరు ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ ఉండదు. కనుక ఆమె బీమాకూ చట్టానికీ కూడా లేనట్టే. నిషేధం కఠినమైనకొద్దీ స్త్రీ ఆగిపోలేదు, చాటున పోయింది. ఈ విషయంలో ప్రభుత్వం పునరాలోచించాలని మేము గతంలోనూ రాశాము.

కోనసీమ నుంచి పాలస్తీనా వంటింటికి మరొక దారి కూడా ఉంది. అది తీర్థయాత్ర. హజ్‌తోపాటు జెరూసలేం యాత్రకు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం ఇస్తోంది. వార్షికాదాయం 3 లక్షల లోపు ఉన్నవారికి 60,000 రూపాయలు, ఆపై ఉన్నవారికి 30,000 రూపాయలుగా 2019లో ఆ మొత్తాన్ని పెంచారు. మన గోదావరి జిల్లాల క్రైస్తవ సోదరులు బృందాలుగా బేత్లెహేము వెళ్ళివస్తారు. ముస్లింలలోనూ ఉమ్రాతోపాటు జోర్డాన్ మీదుగా వంతెన దాటి మస్జిదె అఖ్సాను సందర్శించే బృందాలు పెరిగాయి. ఆక్రమణలో ఉన్న నగరానికి ఆక్రమణదారుని ముద్రతో వెళ్ళవచ్చునా అన్న దానిపై ఉలమాలలో భేదాభిప్రాయాలున్నాయి. వెళ్ళకపోతే అక్కడివారు ఒంటరివారవుతారన్నది ఒక వాదన, వెళ్తే ఆక్రమణను అంగీకరించినట్టవుతుందన్నది మరొకటి. ఆ తీర్పు మా పరిధిలోనిది కాదు. వెళ్ళేవారు ఎలా వెళ్ళాలన్నది మాత్రం మనం మాట్లాడుకోవచ్చు.

యాత్రా సంస్థల ప్రకటనల్లో తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది, భారతీయ భోజనం ఏర్పాటు. బస్సు దిగడం, ఫొటో దిగడం, మళ్ళీ బస్సెక్కి హోటల్లో పప్పన్నం తినడం. పది రోజులు ఆ నేలమీద తిరిగి, ఆ నేలలో పుట్టిన మనిషి చేతి ముద్ద ఒక్కటీ తినకుండా తిరిగివచ్చే యాత్ర ఎలాంటిది? ఆవకాయ పచ్చడి మీద మాకేమీ ద్వేషం లేదు, సీసాలో వెంట తీసుకెళ్ళినా తప్పు లేదు. కానీ బేత్లెహేము పక్కనే, వేరుగోడ నీడలో ఆయిదా అనే శరణార్థి శిబిరం ఉంది. 1950లో ఏర్పడింది. అక్కడ వికలాంగులైన పిల్లల తల్లులు 2010లో నూర్ మహిళా బృందంగా ఏర్పడ్డారు. విదేశాల నుంచి వచ్చే బృందాలకు తమ ఇళ్ళలో వంట నేర్పి, కలిసి భోంచేసి, వచ్చిన డబ్బుతో తమ పిల్లల చదువుకూ చికిత్సకూ ఏర్పాట్లు చేసుకున్నారు. వాళ్ళు చేయి చాచలేదు. వచ్చినవారి చేతికి కత్తిపీట ఇచ్చి, కూరగాయలు కోయమన్నారు. దానం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ అన్న భేదం ఆ వంటింట్లో పోయి, నేర్పేవారూ నేర్చుకునేవారూ మిగిలారు. నబ్లూస్ పాత నగరంలో బైతుల్ కరామా అన్న మహిళా కేంద్రం కూడా ఇదే రీతిన వంట పాఠశాల నడిపింది. అక్టోబరు, నవంబరు మాసాల్లో ఆలివ్ కోతకు బృందాలుగా వెళ్ళి రైతుల పక్కన నిలబడేవారూ ఉన్నారు. పరాయి మనిషి సాక్షిగా ఉన్నచోట సెట్లర్ల దాడి కొంతైనా వెనుకాడుతుందని వారి ఆశ. 2023 అక్టోబరు తరువాత బేత్లెహేముకు యాత్రికుల రాక దాదాపు నిలిచిపోయింది. గదులు ఖాళీ, పొయ్యిలు ఖాళీ. రాకపోకలు మళ్ళీ మొదలయ్యాక వెళ్ళే మన బృందాలు, ముస్లింలైనా క్రైస్తవులైనా, ఒక్క పూట భోజనం ఇటువంటి ఇంట్లో ఏర్పాటు చేయమని యాత్రా సంస్థను అడగాలి. పదిమంది అడిగితే ప్రకటనలో ఆ వాక్యం కూడా చేరుతుంది.

వంట గురించి ఇంత చెప్పడమేమిటని కొందరు మిత్రులు విసుక్కోవచ్చు. పాలస్తీనాలో వంట ఎన్నడూ వంటగా మాత్రమే లేదు. కొండవాలుల్లో తనంతట తాను పెరిగే జఅతర్ ఆకును ఏరుకోవడాన్ని ఇజ్రాయెల్ 1977లో రక్షిత మొక్కల జాబితా పేరుతో నిషేధించింది. ముళ్ళపొదలాంటి అక్కూబ్ కూరను 2005లో అదే జాబితాలో చేర్చింది. తాతముత్తాతల కాలం నుంచి బుట్ట పట్టుకుని కొండెక్కిన ముసలమ్మలు జరిమానాలు కట్టారు, కోర్టు మెట్లెక్కారు. ఇటీవలి సంవత్సరాల్లో సొంత వాడకానికి కొద్దిపాటి సడలింపు ఇచ్చినా, ఆ మొక్కను వాణిజ్యంగా పెంచుకునే హక్కు ఎవరిది, కొండమీద ఏరుకునే హక్కు ఎవరిది అన్న ప్రశ్న అలాగే ఉంది. గాజా వంటలో సోయాకూర గింజలు, పచ్చిమిర్చి దంచి వేస్తారు. పాలస్తీనా మొత్తంమీద మన నాలుకకు దగ్గరైన కారం అక్కడిదే. ఓస్లో ఒప్పందాల ప్రకారం గాజా జాలరులకు 20 నాటికల్ మైళ్ళ సముద్రం ఉండాలి. ఆచరణలో దాన్ని ఆరుకు, ఒక్కోసారి మూడుకు కుదించారు. అంతర్వేది, ఓడలరేవు జాలరులను మూడు మైళ్ళు దాటవద్దంటే ఏమవుతుందో కోనసీమవారు ఊహించగలరు. చివరకు 2025 ఆగస్టు 22న గాజా గవర్నరేట్‌లో కరువు నెలకొన్నదని అంతర్జాతీయ ఆహార భద్రతా నిపుణులు ధ్రువీకరించారు. అది వానలు లేక వచ్చిన కరువు కాదు. సరిహద్దుకు అవతల ఆహారపు లారీలు నిలిచి ఉండగా వచ్చిన కరువు. వండటం నేర్చిన చేతులున్నాయి, వండటానికి పిండి లేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు నేలకూలిన దృశ్యాన్ని చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. తండ్రి నాటిన చెట్టు కూలితే ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు. ఆలివ్ చెట్టు ఆయుష్షు కొబ్బరి కంటే ఎన్నో రెట్లు. దివ్య ఖుర్ఆన్‌లో అత్తీన్ సూరా అంజూరం, ఆలివ్‌ల ప్రమాణంతో మొదలవుతుంది. ఆ చెట్టును గాలి పడగొట్టలేదు, బుల్‌డోజరు పెకలించింది. తుపాను నష్టానికి పరిహారం ఇచ్చే ప్రభుత్వం ఉంటుంది, అక్కడ పెకలించినదే ప్రభుత్వం.

మనకూ ఆ నేలకూ మధ్య పొయ్యి బంధం కొత్తదేమీ కాదు. అల్ ఖుద్స్ పాత నగరంలో బాబుస్సాహిరా ద్వారం సమీపాన బాబా ఫరీద్ పేరిట వెలసిన హిందీ జావియా నేటికీ ఉంది. ఎనిమిది శతాబ్దాలుగా హిందూస్తాన్ యాత్రికులకు అది విడిది. సహారన్‌పూర్ నుంచి వెళ్ళిన అన్సారీ కుటుంబం 1924 నుంచి దాని బాధ్యత చూస్తోంది. 1967 యుద్ధంలో అక్కడ గుండ్లు పడి ఆ కుటుంబ సభ్యులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. అయినా వారు తలుపు మూయలేదు. హైదరాబాదు బార్కాస్‌లో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల హరీస్, ఉదయపు అల్పాహారంగా నేటికీ అమ్ముడవుతుంది. దాని సోదరి హలీమ్ ఇప్పుడు తెలుగువారందరిదీ అయింది. ఒక వంట ఒక ఊరిదవడానికి వందేళ్ళు పడుతుంది. మఖ్లూబాకు ఇప్పుడే మొదలు.

రానున్న రమజాన్‌లో మన ఇళ్ళలో, మస్జిద్ కమిటీల ఇఫ్తార్‌లలో మేము కోరేది కొంచెమే. వారానికొక తీర్మానం, రోజుకొక వాట్సాప్ చిత్రం పంపి ఊరుకోవడం కాక, ఒకనాడు పాలస్తీనీయుల వంట వండండి, పొరుగున ఉన్న ముస్లిమేతరులను పిలవండి, ఆ వంట ఎక్కడిదో పిల్లల చేత చెప్పించండి. ఖర్జూరం పెట్టెను కొనేముందు అది ఏ నేలనుంచి వచ్చిందో చదవండి. జోర్డాన్ లోయలోని అక్రమ సెట్లర్ తోటల మెజూల్ ఖర్జూరాలు ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి. ముఖ్యంగా, వంట నేర్పడానికి మీ ఊరిలో గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన స్త్రీని వెతకండి. ఆమె ముస్లిం కానవసరం లేదు. ఆమెకు కూలి ఇవ్వండి, పెరటి గుమ్మం నుంచి కాక వీధి గుమ్మం నుంచి పిలవండి. పద్నాలుగేళ్ళు అరబ్బుల వంటింట్లో ఆరితేరిన మనిషి తిరిగివచ్చి ఉపాధి హామీ పనికి వెళ్తోందంటే, ఆ నైపుణ్యాన్ని గుర్తించని మన సమాజంలోనే లోపం ఉంది. తిరిగివచ్చిన వంటవారికి నైపుణ్య ధ్రువపత్రం, మైనారిటీ, ఎస్సీ కార్పొరేషన్ల రుణం ఇప్పించేందుకు మన సంఘాలు కలిసి అడగవచ్చు. దళిత సంఘాలతో కలిసి అడిగే సందర్భాలు మనకు మరీ ఎక్కువగా దొరకవు కూడా.

ఆనాడు పెరట్లో భోజనాలయ్యాక, మఖ్లూబా కొలతలు రాసుకుంటూ మా విలేఖరి ఆ సోదరి పేరు అడిగారు. కొలతలు వేసుకోండి, పేరు మాత్రం వద్దన్నది. ఎందుకని అడిగితే కాసేపు తాంబాళం అంచు తుడుస్తూ ఊరుకుంది. ఇరవై ఆరేళ్ళ కూతురు రెండు నెలల క్రితమే వెళ్ళిందట. విజిట్ వీసా మీద, అదే ఏజెంటు కొడుకు చేతిమీదుగా. చేరినట్టు ఒక ఫోను వచ్చింది, ఇల్లు ఎక్కడో చెప్పలేదు. "కువైట్ చట్టంలో వారానికో రోజు సెలవుందని ఇందాక చెప్పారు కదండి, ఆ కాగితం ఒకటి నాకు తెలుగులో రాసివ్వగలరాండి?" అని అడిగింది. చట్టంలోని ఆ నిబంధనల తెలుగు పాఠాన్ని ఈ సంచికలోనే ప్రత్యేక పేజీగా ఇస్తున్నాము. పాఠకులు చించి తీసుకుని, అవసరమున్న ఇంటికి చేర్చగలరు.